పానం పోయినంకనే స్పీడ్ బ్రేకరా?

మన గల్లీల స్పీడ్ బ్రేకర్ ఎప్పుడు పడుతది? ఎవరో ఒకరు లారీ కింద పడ్డంక. జనం సడక్ మీద బైఠాయిస్తరు. కౌన్సిలర్ వస్తడు, ఓదారుస్తడు. తెల్లారేసరికి కంకర గుట్ట లేస్తది. రాత్రిపూట అది కానరాక ఇంకో బైకు ఎగిరి పడుతది. దీన్ని ప్రజాసేవ అందామా?

పనికి ఒక లెక్కుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. ముందుగాల బోర్డు, మీద పట్టీలు ఉండాలె. మన గల్లీల ఎన్ని అట్లున్నయి?

అడిగితే 'ట్రాఫిక్ పోలీసులది' అంటరు. చలాను రాసుడు పోలీసుల పనే. మరి వీధిదీపం, ఫుట్‌పాత్, మోరీ మూత ఎవరివి? 1992ల వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ రోడ్లు, వీధిదీపాలను మున్సిపాలిటీల పనుల జాబితాల చేర్చింది. పెద్ద సడక్ ఆర్ అండ్ బీది అయితే, ఆ ఆఫీసుకు కాయితం రాసి వెంటపడేది కౌన్సిలరే గద!

తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టుమన్నది: యువకులకు, మహిళలకు, వృద్ధులకు, పెద్దమనుషులకు. ఆ కమిటీలను కూసోబెట్టి 'ఏ మలుపు కాడ భయమైతది?' అని అడిగితే ఏ ఇంజనీరుకూ తెల్వని సంగతి బడికి పిల్లను తోలుకపోయే తల్లి చెప్తది.

మంచిగ చేసేటోళ్లు లేరని మేం అనం. కానీ పండుగకు ఫ్లెక్సీ కట్టుడే సేవ అనుకునేటోళ్లే ఎక్కువ. బడి విడిచే యాళ్లకు ఒక్క పొద్దు గేటు కాడ నిలబడి చూడుండ్రి. ఓట్లకు ఇంటింటికి తిరిగిన కాళ్లే గద!