చల్లదనం తీసుకోండి, నీటిని నేలకే ఇవ్వండి

బావి నీరు వేసవిలో చల్లగా, చలికాలంలో గోరువెచ్చగా ఉండడం పల్లెల్లో అందరూ ఎరిగినదే. నిజానికి మారేది నీరు కాదు, పైనున్న గాలి. లోతున నీటి వేడి ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. అనంతపురం జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున కూడా బోరు నీరు 28 డిగ్రీల చేరువలోనే ఉంటుంది.

ఈ గుణం ఆధారంగా ఇండ్లను చల్లబరిచే యంత్రాలు అమెరికా, స్వీడన్ దేశాల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో 1948లోనే ఈక్విటబుల్ అనే పెద్ద భవనానికి ఈ పద్ధతి అమర్చారు. మామూలు ఏసీ గదిలోని వేడిని బయటి గాలిలోకి తోస్తుంది. ఈ యంత్రం బావి నీటిలోకి తోస్తుంది. మండే గాలిలోకి కన్నా చల్లని నీటిలోకి తోయడం తేలిక గనుక కరెంటు తక్కువ కాలుతుంది. చలి దేశాల్లో ఇదే యంత్రం నీటిలోని వేడిని ఇంట్లోకి తెస్తుంది.

మన దగ్గర ఇది ఇంకా అరుదే. కాని రేపు రాదని చెప్పలేము. వచ్చేముందే ఒక లెక్క చూసుకోవాలి. ఒక టన్ను యంత్రానికి నిమిషానికి సుమారు 8 లీటర్ల నీరు కావాలి. రోజుకు 10 గంటలు నడిస్తే 4,800 లీటర్లు. జల జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లని లెక్క కట్టింది. ఆ నీటిని మురుగు కాలువలోకి వదిలితే ఒక గది చల్లదనానికి 87 మంది వాటా వృథా అయినట్లే.

అలా కావలసిన అవసరం లేదు. యంత్రం నీటిని తాగదు, ఏడెనిమిది డిగ్రీలు వేడెక్కించి వదులుతుందంతే. ఆ నీటిని మూసిన గొట్టం ద్వారా, మందులేవీ కలపకుండా, దూరంగా ఉన్న మరో బావిలోకి దింపవచ్చు. తోడిన బోరులోనే దింపితే మాత్రం అందులోని నీరు వేడెక్కి యంత్రం పని మందగిస్తుంది. మన జిల్లాలో చాలా చోట్ల అడుగున గట్టి రాయి. నీరు ఆ రాతి పగుళ్లలోనే ఉంటుంది, ప్రతి బోరూ నీటిని తిరిగి పుచ్చుకోదు. కనుక ముందుగా భూగర్భ జల శాఖ వారిచేత పరీక్ష చేయించాలి. నీరు దిగని చోట ఈ యంత్రం మాట మరిచిపోవడమే మేలు.

ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బావి తవ్వరాదని 2002 నాటి వాల్టా చట్టం చెబుతున్నది. ఆ స్ఫూర్తితోనే తిరుగు బావి లేనిదే యంత్రం పెట్టరాదని పంచాయతీలు ఇప్పుడే తీర్మానించాలి. అధికారులు దానిని అమలు చేయాలి. బావి ఎవరి స్థలంలో ఉన్నా ఊట ఊరందరిదీ. అసలే వాన అంతంత మాత్రమైన జిల్లాలో, ఒక ఇంటి చల్లదనం కోసం పక్కింటి బిందె ఖాళీ కారాదు.