నేరం చోళ్లది కాదు

“పీసీఓఎస్ ఉందా? అయితే అన్నం మానెయ్, కీటో మొదలుపెట్టు.” విశాఖలో స్కానింగ్ సెంటర్ల దగ్గర పుట్టిన ఈ సలహా ఘాట్ రోడ్డెక్కి అరకు, పాడేరు, చింతపల్లి దాకా వచ్చేసింది. చెప్పేది డాక్టరే కానక్కర్లేదు. జిమ్ కోచ్ చెబుతాడు, ఫోన్‌లో వీడియో చెబుతుంది, కోడలికి ఇంకా కడుపు పండలేదని బెంగపడే మేనత్త చెబుతుంది. బియ్యం, చోళ్లు (రాగులు), సామలు, కొర్రలు అన్నిటినీ ఒకే గాటన కట్టి, పీసీఓఎస్‌లో అండాశయంలో కనబడే నీటి బుడగలకి గింజలే కారణమని తీర్పు ఇచ్చేస్తున్నారు. ఈ తీర్పు మైదానంలో సగం తప్పు. కొండ మీద పూర్తిగా తప్పు.

తెలుగువాళ్లకి గింజ మానే ముచ్చట కొత్తది కాదు. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతి ఊరూరా పాకింది. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. ఆయన ఎక్కువగా మాట్లాడింది షుగరు, ఊబకాయం గురించి. పీసీఓఎస్ తర్వాత ఆ బండి ఎక్కింది. సరిగ్గా అదే రోజుల్లో ఖాదర్ వలీ సిరిధాన్యాల ప్రచారం కూడా ఊపందుకుంది. ఒకే ఇంట్లో ఒకరు కొబ్బరి నూనె తాగుతుంటే ఇంకొకరు అండుకొర్రలు నానబెట్టుకున్న కాలం అది.

కీటో, అంటే గింజలు మానేసి కొవ్వు ఎక్కువగా తినే పథ్యం, చెప్పేవాళ్ల మాటలో నిజం లేదనను. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, అది అండాశయాన్ని పురుష హార్మోన్ల వైపు నెడుతుంది, అండం విడుదల ఆగుతుంది, నెలసరి తప్పుతుంది. పిండి పదార్థం తగ్గిస్తే ఇన్సులిన్ తగ్గుతుంది కాబట్టి కొన్ని వారాల్లో బరువు, హార్మోన్లు మెరుగైన మాట వాస్తవమే. కానీ ఈ నమ్మకానికి మూలంగా చూపే 2005 నాటి అమెరికా అధ్యయనాన్ని తెరిచి చూడండి. చేరింది పదకొండు మంది. ఇరవై నాలుగు వారాలూ నిలిచింది ఐదుగురు. పోల్చి చూడడానికి మామూలు తిండి తినే ఇంకో బృందం లేదు. ఆ ఐదుగురి బరువు సగటున 12 శాతం తగ్గింది, ఇద్దరు గర్భం దాల్చారు. మంచిదే. మరి మధ్యలో మానేసిన ఆరుగురి మాట ఏ వీడియోలోనూ వినబడదేం?

ఆ తర్వాత వచ్చినవీ చాలావరకు చిన్న అధ్యయనాలే, కొద్ది వారాలవే. మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ సాక్ష్యాలన్నీ వడపోసి, పీసీఓఎస్‌కి ఫలానా ఆహార పద్ధతే మేలైనదని చెప్పడానికి ఆధారం లేదని తేల్చాయి. ఒళ్లు ఎక్కువగా ఉన్నవాళ్లు బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా నెలసరి గాడిన పడే అవకాశం ఉంది. డెబ్భై కిలోల మనిషికి అది మూడున్నర నుంచి ఏడు కిలోలు. ఏ దారిన తగ్గినా తగ్గుదలే. గింజ మొత్తం మానాలన్న షరతు ఆ మార్గదర్శకాల్లో లేదు.

ఇక ఒళ్లే లేని వాళ్ల సంగతి? కీటో ప్రచారం ఊహించుకున్న రోగి ఒకతే: పట్నంలో కుర్చీ ఉద్యోగం, కాస్త బొద్దుతనం, తనకంటూ ఒక ఫ్రిజ్. కొండల్లో నెలసరి తప్పే అమ్మాయిల్లో బక్కపలచని వాళ్లూ ఉంటారు. తిండి చాలక, పని ఎక్కువై నెలసరి ఆగడం వేరు. పీసీఓఎస్ వేరు. స్కానింగ్‌లో బుడగల్లాంటివి కనబడినంత మాత్రాన రెండూ ఒకటి కావు. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త అధ్యయనం 2024లో వెలువడింది. రోగ నిర్ధారణకి వాడే రాటర్‌డామ్ కొలమానంతో చూస్తే 18 నుంచి 40 ఏళ్ల స్త్రీలలో 19.6 శాతం మందికి పీసీఓఎస్ ఉంది, పాత ఎన్‌ఐహెచ్ కొలమానంతో చూస్తే 7.2 శాతం మందికే. కొలబద్ద మార్చగానే సంఖ్య రెండున్నర రెట్లు దాటుతోంది. రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు అమ్మాయిలకి స్కానింగ్ ఆధారంగా ఈ రోగం నిర్ధారించకూడదని 2023 మార్గదర్శకాలే అంటున్నాయి. అంటే ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదివే పిల్లకి ఒక్క స్కానింగ్ చూసి ముద్ర వేయడానికి వీల్లేదు. ఆకలితో నెలసరి ఆగిన పిల్లని ఇంకా తినకుండా చేస్తే ఆ నెలసరి తిరిగి ఎలా వస్తుంది?

కొండ మీద ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి కీటో చెప్పేవాళ్లెవరూ మాట్లాడరు. తూర్పు కనుమల గిరిజనుల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో దీని నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది గిరిజన ప్రాంతాల కోసమే. ఈ జబ్బున్నవాళ్లకి ఒంట్లో నీరు తగ్గినా, రక్తంలో ఆమ్లత పెరిగినా ఎర్రకణాలు కొడవలిలా వంగి నొప్పులు తిరగబెట్టవచ్చు. కీటో మొదలెట్టిన తొలివారంలో దిగే బరువులో ఎక్కువ భాగం నీరే. కాళ్లు తేలికపడ్డాయని సంబరపడేది అప్పుడే. కీటో వల్ల ఒంట్లో పుట్టే కీటోన్లు ఆమ్లాలు. రెండు కారణాలూ ఒక్కసారే ఎదురొస్తాయి. వాహకులుగా మాత్రమే ఉన్నవాళ్లకి ఇంత భయం అక్కర్లేదు. కానీ తను వాహకురాలో రోగో పరీక్ష చేయించుకోని అమ్మాయికి తెలిసేదెలా? సికిల్ సెల్ పరీక్ష చేయించకుండా కీటో చెప్పడం బాధ్యత లేని పని.

పిల్లల కోసం కీటో పట్టేవాళ్లకి ఇంకో చిక్కు. అండం విడుదల మొదలైతే గర్భం ఏ నెలలోనైనా రావచ్చు, వచ్చిన సంగతి కొన్ని వారాల దాకా తెలియదు. గర్భిణికి కీటో తగినది కాదు. బిడ్డ వెన్ను, మెదడు రూపుదిద్దుకునేది ఆ తొలి వారాల్లోనే, ఫోలిక్ ఆమ్లం అత్యవసరమయ్యేదీ అప్పుడే. దానికితోడు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భం కోసం పట్టిన పథ్యం గర్భానికే పనికిరాకపోతే ఏం లాభం?

ఇక ఖర్చు. 1600 కేలరీల కీటో భోజనంలో 70 శాతం కొవ్వు నుంచి రావాలంటే రోజుకి 125 గ్రాములు, నెలకి మూడున్నర కిలోల పైచిలుకు కొవ్వు ఒక్క మనిషికి కావాలి. వెన్న, పనీరు, చీజ్‌తో ఇది సాధ్యమని పట్నం మెనూ చెబుతుంది. పాలు దూడలకే వదిలేసే అలవాటున్న గూడేల్లో పనీరు ఎక్కడిది? ఇంటిల్లిపాదికీ ఒకే కుండలో వండే చోట, ఆ కుండ దించే కోడలికి వేరే వంట ఎవరు చేసిపెడతారు? హాస్టల్లో ఉండే పిల్ల వార్డెన్ని ఏమని అడుగుతుంది? అరకు వచ్చి కాఫీలో వెన్న కలుపుకుని తాగే పర్యాటకులకి ఈ ప్రశ్నలు తట్టవు.

గింజల దగ్గరికి వద్దాం. చోళ్లూ పిండి పదార్థమే కదా అంటారు కీటో వాళ్లు. అవును, పిండి పదార్థమే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో సుమారు 67 గ్రాములు, పాలిష్ బియ్యంలో 78 గ్రాములు. కీటోలో రోజు మొత్తానికి ఇచ్చే పరిమితి 20 నుంచి 50 గ్రాములు. యాభై గ్రాముల పిండితో చేసిన అంబలి ఒక్కటే అందులో చాలాభాగం తినేస్తుంది. అయితే అదే పట్టికలో చోళ్లలో పీచు 11 గ్రాములు, బియ్యంలో 3 గ్రాముల లోపు. కాల్షియం చోళ్లలో 360 మిల్లీగ్రాముల పైన ఉంటే, బియ్యంలో పది కూడా లేదు. రెండిటినీ ఒకే నేరం కింద బోనెక్కించడం అన్యాయం. చోళ్లు మందు అని కూడా నేననను. మూడు పూటలా అంబలే తాగినా ఇన్సులిన్ పెరుగుతుంది. గిన్నెలో గింజ తగ్గి, చింతపల్లి రాజ్మా, ఉలవలు, కందులు, గుడ్డు, ఎండు చేప, ఆకుకూర పెరగాలి. 2024లో జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది కూడా ఇదే: గింజల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని. కీటోకి ఇది చాలా దూరం, ఇప్పటి మన అన్నం కంచానికీ దూరమే.

అసలు ఆ కంచం ఎలా తెల్లబడింది? 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోల ద్వారా కొండలకి చేరింది. ఆ బియ్యం ఆకలి తీర్చింది. దాన్ని ఎగతాళి చేసే హక్కు కడుపు నిండినవాళ్లకి లేదు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సామలు రోకట్లో దంచి పొట్టు తీసేది ఆడవాళ్లే. బియ్యం రాగానే వాళ్ల భుజాలకి విశ్రాంతి దొరికింది. సామల మీద ప్రేమ ఒలకబోసే వ్యాసాలు రాసేవాళ్లెవరూ ఆ రోకలి ఎత్తలేదు. పొట్టు తీసే చిన్న మర గూడేనికి దగ్గరలో లేకుండా “మీ సంప్రదాయ తిండి తినండి” అనడం కూడా ఇంకో రకం ఉచిత సలహాయే.

2013 ఆహార భద్రత చట్టం బియ్యంతో పాటు చిరుధాన్యాలకీ చోటిచ్చింది, అప్పట్లో కిలో రూపాయి చొప్పున. ఇదే కనుమలకి అవతల ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ పెట్టింది. కోరాపుట్ రైతుల దగ్గర చోళ్లు కొని రేషన్‌లో పంచింది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ అది జరగాలి. డిపోలో చోళ్లు, సామలు, పప్పు ఇవ్వండి. పంచాయతీకో పొట్టు మర పెట్టండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు, హిమోగ్లోబిన్, సికిల్ సెల్ పరీక్ష చేశాకే పీసీఓఎస్ మాట ఎత్తండి. మూడు నెలలు దాటినా నెలసరి రాని అమ్మాయిని డైటు పట్టమని ఇంటికి పంపకుండా డాక్టరుకి చూపించండి, గర్భసంచి లోపొర అలా మందమవుతూ పోవడం మంచిది కాదు. కీటో మొదలుపెట్టిన చెల్లెళ్లకి నా మనవి ఒక్కటే. ఈ పరీక్షలు అయ్యేదాకా ఆపండి.