సర్వర్ అనగానేమి? దాన్నే అడుగుదాం!

– 10వ తరగతి, ధర్మాబాద్

కంప్యూటర్ పాఠంలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఒకటుంది: "సర్వర్ అనగానేమి?" జవాబు రెండు పంక్తులు. బట్టీ పట్టి రాస్తే మార్కులు పడతాయి. కానీ ఆ మార్కులు తెచ్చుకున్న వాళ్ళలో సర్వర్‌ను నడిపి చూసినవాళ్ళు ఎంతమంది? మన ధర్మాబాద్ మార్కెట్‌లో మిర్చి కొనేవాళ్ళు బస్తా విప్పి, కాయ చేతిలోకి తీసుకుని, రంగు చూసి, విరిచి చూసి అప్పుడు ధర చెప్తారు. బస్తా మీద పేరు చదివి ఎవరూ కొనరు. మరి చదువు దగ్గర మాత్రం పేరు చదివితే చాలని ఎందుకనుకుంటున్నాం? ఇది తప్పు పద్ధతి అని నేనంటాను.

సర్వర్ గురించి పుస్తకం చెప్పేదానికన్నా ఎక్కువ సర్వరే చెప్తుంది. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో దీనికి ఒక సులువైన దారి ఉంది. ఈ భాషను రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో అందరికీ విడుదల చేశాడు. వికీపీడియాను నడిపే మీడియావికీ ఈ భాషలోనే రాశారు. అంటే 2003లో మొదలైన మన తెలుగు వికీపీడియా కూడా దీని మీదే నడుస్తుంది.

చెయ్యాల్సింది చాలా తక్కువ. జాంప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఎక్కించాలి. అందులో హెచ్‌టీడాక్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాంట్లో ఒక చిన్న ఫైల్ పెట్టి, పీహెచ్‌పీ ఇన్ఫో అనే ఒక్క ఆజ్ఞ రాయాలి. తర్వాత అపాచీ సర్వర్‌ను మొదలుపెట్టి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని, దాని పక్కన ఫైల్ పేరు కొడితే చాలు. పొడుగాటి పట్టిక తెరుచుకుంటుంది. పీహెచ్‌పీ ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఉంది, ఎప్పుడు తయారైంది, సెట్టింగుల ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉంది, ఏ ఏ విభాగాలు పనిచేస్తున్నాయి, అన్నీ అందులో ఉంటాయి. రేషన్ దుకాణం ముందు స్టాకు బోర్డు పెట్టినట్టు, యంత్రం తన దగ్గర ఏముందో తానే రాసి చూపిస్తుంది. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. ఒకసారి ఎక్కించాక బడిలో ఉన్న పాత కంప్యూటరే సర్వర్ అయిపోతుంది. సర్వర్ అంటే ఎక్కడో అమెరికాలో ఉండే పెద్ద పెట్టె కాదని ఒక్క పీరియడ్‌లో అర్థమైపోతుంది.

ఇది చెప్తే పెద్దవాళ్ళు మూడు మాటలంటారు.

మొదటి మాట: "ఆ పేజీ అంతా ఇంగ్లీషుల ఉంటది, తెలుగు మీడియం పోరగాళ్ళకు ఎట్ల వస్తది?" ఈ మాట వల్లనే ప్రతి జూన్‌లో మా తరగతి బెంచీలు కొన్ని ఖాళీ అవుతాయి. అందుకే దీనికి గట్టిగా జవాబు చెప్పాలి. మేం తెలుగు చదువుతాం, మరాఠీ, హిందీ చదువుతాం, ఇంగ్లీష్ కూడా చదువుతాం. మూడు లిపులు వచ్చిన పిల్లలకు ఒక పట్టికలోని మాటలు రావా? పైగా ఆ పేజీలో ఉన్నది ఇంట్లో మాట్లాడే ఇంగ్లీష్ కాదు. అవి కంప్యూటర్ పనిముట్ల పేర్లు, ఎవరైనా కొత్తగా నేర్చుకోవాల్సిందే. ఒక ఉదాహరణ చూడండి. పీహెచ్‌పీని తిరగరాసి 1998లో మూడో వెర్షన్ తెచ్చిన జీవ్ సురాస్కీ, ఆండీ గుట్‌మాన్స్ ఇజ్రాయెల్ దేశంవాళ్ళు. వాళ్ళ చేతిలో పెరిగిన ఈ భాష చాలా ఏళ్ళు ఒక తప్పును "పామాయిమ్ నెకుడోటాయిమ్" అని చూపించింది. అవి హీబ్రూ మాటలు, జంట కోలన్ గుర్తు అని అర్థం. ఇంగ్లీష్ మీడియం పిల్లవాడికైనా అది అర్థం కాదు కదా! తమ మాతృభాష మాటను ప్రపంచమంతా వాడే భాషలో పెట్టడానికి వాళ్ళు సిగ్గుపడలేదు. మనం మాత్రం మన బడి పేరు చెప్పడానికే సిగ్గుపడుతున్నాం.

ఇంకో సంగతి. ఆ పేజీలోనే అక్షరాల సెట్టింగ్ ఒకటుంది, దాని ఎదురుగా యూటీఎఫ్-8 అని ఉంటుంది. 2014లో వచ్చిన 5.6 వెర్షన్ నుండి పీహెచ్‌పీలో ఇదే మామూలు సెట్టింగ్. దానర్థం, యంత్రానికి తెలుగు అక్షరాలు వచ్చు. "తెలుగు" అనే మాటకు మనం మూడు అక్షరాలంటాం. కంప్యూటర్ గుణింతపు గుర్తులను విడిగా లెక్కపెట్టి ఆరు సంకేతాలంటుంది. ఒక్కో సంకేతానికి మూడు బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు. మూడు ఎందుకు, ఆరు ఎందుకు, పద్దెనిమిది ఎందుకు అని అడిగే పిల్లవాడికి నిజమైన కంప్యూటర్ పాఠం మొదలైనట్టే. ఆ ప్రశ్న తెలుగు చదివే వాడికే ముందు తడుతుంది. పీహెచ్‌పీలో చలరాశులకు తెలుగు పేర్లు పెట్టినా పనిచేస్తాయి. మరి అడ్డం భాషా, మన ఆలోచనా?

రెండో మాట: "పరీక్షలో రాదు." నిజమే, రాదు. కానీ సైకిల్ తొక్కడం కూడా ఏ పరీక్షలోనూ రాలేదు, అందరం నేర్చుకున్నాం. కేరళ బడుల్లో పిల్లలు ఉచిత సాఫ్ట్‌వేర్ మీద, మలయాళంలో పుస్తకాలు పెట్టుకుని కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. అక్కడ అయ్యేది ఇక్కడ ఎందుకు కాదు?

మూడో మాట: "అట్లాంటి వివరాలు బయట పెడితే హ్యాకర్లు వస్తారు." ఈ మాటలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. ఇంటర్నెట్‌లో ఉన్న వెబ్‌సైట్‌లో ఈ పేజీని వదిలేయడం అంటే, తాళం ఏ రకమో, డబ్బు ఏ గదిలో ఉందో తలుపు మీద రాసిపెట్టడమే. ఫైళ్ళ దారులు, కొన్నిసార్లు పాస్‌వర్డులు కూడా అందులో కనబడవచ్చు. కానీ లోకల్‌హోస్ట్ అంటే మన కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకోవడం. అక్కడ చూసి, నేర్చుకుని, పని అయ్యాక ఫైల్ తీసేస్తే ప్రమాదం లేదు. తెలుగు వికీపీడియాలో కూడా ఒక వెర్షన్ పేజీ ఉంది. ఏ మీడియావికీ, ఏ పీహెచ్‌పీ నడుస్తున్నాయో ఎవరైనా చూడవచ్చు. కానీ లోపలి రహస్యాలు అందులో ఉండవు. ఏది చూపాలి, ఏది దాచాలి అనే తెలివి కూడా పిల్లలకు రావాలి. దాచిపెట్టి చదివిస్తే అది రాదు. నిప్పు కాలుతుందని పొయ్యి వెలిగించడం నేర్పని ఇల్లు ఉంటుందా?

అందుకని నేను అడిగేవి మూడే. ఉపాధ్యాయులారా, ఏడాదిలో ఒక్క పీరియడ్ నిర్వచనాలు పక్కన పెట్టి ఈ పేజీని మా చేత తెరిపించండి, ఒక్కో వరుసను తెలుగులో వివరించండి. తల్లిదండ్రులారా, కంప్యూటర్ రాదనే భయంతో పిల్లలను తెలుగు బడి నుండి తీసేయకండి. ఆ భయానికి ఆధారం ఎక్కడుందో ముందు అడగండి. తోటి విద్యార్థులారా, అర్థం కాని పది మాటలు నోట్‌బుక్‌లో రాసుకుని, వాటి పక్కన మీ తెలుగులో అర్థాలు రాయండి. రెండు పంక్తుల జవాబు పరీక్ష అయిపోగానే మరిచిపోతాం. మన చేత్తో తెరిచి చూసింది మాత్రం గుర్తుంటుంది.