నూరు గింజల పరీక్ష

పిల్లలూ! సాంబ మసూరి అన్నం మీరు తినే ఉంటారు. ఆ వరి వంగడం 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. అయితే వంగడం ఎంత మంచిదైనా, విత్తనం మొలవకపోతే రైతు శ్రమంతా వృథాయే గదా! అందుకే వ్యవసాయ విద్యార్థులు మొలక పరీక్ష నేర్చుకుంటారు.

మీరూ చేసి చూడండి. వడ్లబస్తా పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి గింజలు తీసి కలపండి. వాటిలో నూరు లెక్కపెట్టి, తడిగుడ్డలో వరుసగా పేర్చి చుట్టండి. గుడ్డ ఆరనీయకండి. 5వ రోజున మంచి మొలకలు లెక్కించి తీసివేయండి. మిగిలినవి 14వ రోజున లెక్కించండి. రెండూ కలిపి పుస్తకంలో రాయండి. 80కి తగ్గితే ఆ వడ్లు ధ్రువీకరణ పొందే విత్తనానికి పనికిరావు.

ఒక్క మాట: గట్టి గింజలే ఏరి పెట్టకండి! అప్పుడు లెక్క నిండుగానే వస్తుంది. నారుమడి మాత్రం నిండదు.