మూత్రపిండ వ్యాధి, మాతృత్వము: నిర్ణయ మెవరిది?

కానుపు స్త్రీకి పునర్జన్మమని మన పెద్దలు చెప్పుదురు. ఆరోగ్యవతికే అది పునర్జన్మమైనప్పుడు, మూత్రపిండములు క్షీణించుచున్న స్త్రీ కెంతటి పరీక్షయో వేఱుగ చెప్ప నక్కఱలేదు. అయినను, ఆ పరీక్షకు నిలువవలయునా మానవలయునా యను ప్రశ్న వచ్చినపుడు మన యిండ్లలో అత్తగారు మాటాడుదురు, మగడు మాటాడును, మేనమామ మాటాడును. వైద్యుడు ఒక్క మాటలో తీర్పు చెప్పి పంపివేయును. మాటాడనిది ఆమె యొక్కతెయే. ఈ మౌనమును గూర్చియే నేడు మేము వ్రాయదలచితిమి.

మూత్రపిండ వ్యాధి యనగానే మనవారికి శ్రీకాకుళము జిల్లా ఉద్దానము జ్ఞప్తికి వచ్చును. అచటి ప్రజల మొఱ దశాబ్దములు సాగిన పిమ్మట, 2023 డిసెంబరులో పలాసయందు పరిశోధన కేంద్రమును, 200 పడకల వైద్యశాలయు వెలసినవి. కాని యీ వ్యాధి ఉద్దానపు కొబ్బరితోటలతో ఆగునది కాదు. మన పడమటి మెట్టలలో కనిగిరి పల్లెలనుండి మూత్రపిండ రోగుల మొఱ కొన్నియేండ్లుగా వినబడుచునే యున్నది. మధుమేహమును, రక్తపోటును బట్టణము పల్లెయను భేదము లేక మూత్రపిండములను తినివేయుచున్నవి. ఫాల్గుణ చైత్రముల యెండలో మిరపకోతకు వంగి, చాలినంత నీరు త్రాగక, రాత్రి నడుము నొప్పికి అంగడిలో బిళ్లను కొని మ్రింగు కూలి స్త్రీని తలచుకొనుడు. అట్టి నొప్పిబిళ్లలు నిత్యవాడుకయైనచో మూత్రపిండములకు హాని చేయునని ఆమెతో చెప్పినవా రెవరు?

ఈ వ్యాధి చాటుగా వచ్చును. సగమునకు మించి శక్తి పోవువఱకు నొప్పియైనను తెలియదు. పెక్కుమంది స్త్రీలకు తమ మూత్రపిండములు చెడినవని తొలిసారి తెలియునది గర్భిణులైన పిమ్మటనే. కాళ్లు వాచిన కానుపు నీరనియు, తల నొచ్చిన వేవిళ్ల బడలిక యనియు సరిపెట్టుకొందురు. పిదప రక్తపోటు పెరిగి గుఱ్ఱపువాతముగ పరిణమించును. మఱియొక సూక్ష్మము గలదు. గర్భకాలమున ఆరోగ్యవతి రక్తములో క్రియాటినిన్ సహజముగ తగ్గును. కావున ఇతర సమయములందు నిర్దోషమని తోచు సంఖ్య గర్భిణియందు అపాయసూచన కావచ్చును. చీటీమీది యంకెను జూచి "బాగున్న"దని పంపివేయుట చాలదు.

అట్లయిన ఇట్టి స్త్రీలు బిడ్డలను గనరాదా? ఇచటనే రెండు తప్పుడు తీర్పులు మన సంఘమున చెలామణి యగుచున్నవి. "నీకు పిల్లలు కూడదు" అని వైద్యశాలలో నొకటి. "బిడ్డ లేనిదే కాపురము నిలువదు" అని యింటిలో మఱియొకటి. మొదటిది శాస్త్రమునకు మించిన మాట. రెండవది ధర్మమునకు మించిన మాట.

శాస్త్ర మేమనుచున్నది? వ్యాధి తొలి దశలలో నుండి, రక్తపోటు అదుపులోనుండి, మూత్రమున మాంసకృత్తులు స్వల్పముగ పోవుచున్న యెడల, తగిన పర్యవేక్షణతో పెక్కుమంది క్షేమముగ బిడ్డలను గనుచున్నారు. దశ ముదిరినకొలది వెల పెరుగును. బ్రిటనులో మూడవ దశ మొదలు అయిదవ దశ వఱకుగల స్త్రీల 178 గర్భములను పరిశీలించి 2021లో ప్రకటించిన పరిశోధనలో, నూటికి 98 గర్భములు సజీవ శిశువులతో ముగిసినవి. కాని నూటికి 56 మంది శిశువులు నెలలు నిండకయే పుట్టిరి. తల్లి మూత్రపిండముల ఆయువు మూడవ దశలో రమారమి రెండేండ్లును, ముదిరిన దశలో రమారమి అయిదేండ్లును తగ్గినది. ఇది మంచి పర్యవేక్షణ గల దేశపు లెక్క యని మఱవరాదు. అయినను ఈ యంకెలలో నిషేధము లేదు, అభయమును లేదు. వెల యెంతో చెప్పుచున్నవి. ఆ వెల నిచ్చుటయో మానుటయో తేల్చుకొనవలసినది చెల్లించువారే గాని చూచువారు కారు.

మూత్రపిండ మార్పిడి పొందినవారికిని ఆశ గలదు. అమెరికాలో ఈడిత్ హెల్మ్ అను యువతి 1956లో తన కవల సోదరి యిచ్చిన మూత్రపిండమును పొంది 1958లో బిడ్డను గనెను. మార్పిడి పిమ్మట ఏడాదియైనను ఆగి, మైకోఫినొలేట్ వంటి శిశుహానికరములగు మందులను వైద్యుని యాజ్ఞపై ముందుగనే మార్చుకొని గర్భము దాల్చవలెనని నేటి వైద్యులు చెప్పుచున్నారు. రక్తపోటుకై వాడు ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ జాతి మందులును గర్భిణికి తగవు. మిథైల్‌డోపా, లాబెటలాల్ వంటివి తగును. ఇవి గర్భము నిలిచిన అయిదవ నెలలో తెలిసికొనవలసిన సంగతులు కావు.

డయాలిసిస్ పైనున్న స్త్రీల మాట మఱింత కఠినము. కెనడాలోని టొరంటో వైద్యులు పాల్గొని 2014లో ప్రకటించిన పరిశోధనలో, వారమునకు 20 గంటలు, అంతకు లోపుగ డయాలిసిస్ పొందిన గర్భిణులలో నూటికి 48 మందికి సజీవ శిశువులు కలుగగా, 36 గంటలకు మించి పొందినవారిలో నూటికి 85 మందికి కలిగిరి. మన యొద్ద వారమునకు రెండు మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగు గంటలు వాడుక. సాధనములు లేని చోట "నీ యిష్టము" అనుట ఆకొన్నవానికి వట్టి విస్తరి వేయుట వంటిది.

వలదనుకొన్న స్త్రీ కున్న మార్గము లేవి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున వివాహితలలో పదింట రమారమి ఏడుగురు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. పురుషుల పాలు నూటికి ఒకటియైనను లేదు. రక్తపోటుతో, రక్తహీనతతో నున్న భార్యను కత్తి క్రింద పడుకొనబెట్టి, ఆరోగ్యవంతుడగు భర్త వరండాలో కూర్చుండుట యే న్యాయము? పురుషుని శస్త్రచికిత్స స్త్రీ చికిత్సకంటె సులభము, క్షేమము. కొంతకాలము వాయిదా వేయదలచినవారిలో పెక్కుమందికి కాపర్ టీ తగును. ఈస్ట్రోజెన్ గల మాత్రలు రక్తపోటు గలవారికి తగవు. ఈ మాత్రము వివరము చెప్పుటకు అయిదు నిమిషములు చాలును. ఆ అయిదు నిమిషములే దొరకుట లేదు.

ఇక శాసనము. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టమును 2021లో సవరించిరి. తల్లి ప్రాణమునకు గాని ఆరోగ్యమునకు గాని తీవ్రహాని కలుగునని ఒక్క వైద్యుడు అభిప్రాయపడిన చాలును, 20 వారముల వఱకు అనుమతి గలదు. అటుపిమ్మట 24 వారముల వఱకు నిబంధనలు పేర్కొన్న తరగతులకే, ఇద్దఱు వైద్యుల యభిప్రాయముపై. ప్రాణరక్షణకు తక్షణము అవసరమైనచో వారముల పరిమితి లేదు. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి యొక్కటియే చాలును. మగని సంతకము అక్కఱలేదు. సంతానమును గూర్చిన నిర్ణయము రాజ్యాంగము 21వ అధికరణము క్రింది వ్యక్తి స్వాతంత్ర్యములోనిదే యని సుప్రీంకోర్టు 2009లో సుచితా శ్రీవాస్తవ కేసున నిర్ణయించినది. వలదనుటకే కాదు, కావలెననుటకును ఆ హక్కే యాధారము. ఆమె కనదలచినచో గర్భవిచ్ఛిత్తికి బలవంతపెట్టు అధికారము అత్తవారికి గాని వైద్యశాలకు గాని లేదు.

వివాహ విషయమునను ఒక మాట. హిందూ వివాహ చట్టమున మూత్రపిండ వ్యాధి గాని, సంతానలేమి గాని విడాకులకు కారణముగ పేర్కొనబడలేదు. కాని వ్యాధిని దాచి పెండ్లి చేసినచో వ్యాజ్యములకు ద్వారము తెఱచినట్లే. కావున కన్యను కన్న తలిదండ్రులారా, దాచకుడు. కోడలిని తెచ్చుకొన్నవారలారా, "గొడ్రా"లను మాటతో రోగిష్ఠిని చంపకుడు.

మన సంఘపు పక్షపాత మింకొక లెక్కలో కానవచ్చును. 1995 నుండి 2021 వఱకు దేశమున జరిగిన 36,640 అవయవ మార్పిడులలో 29,695 పురుషులకును, 6,945 స్త్రీలకును జరిగినవి. అదే దేశమున సజీవ దాతలలో అత్యధికులు స్త్రీలే. భర్తకు మూత్రపిండ మిచ్చు భార్య త్యాగమూర్తి. భార్యకు మూత్రపిండములు చెడినచో రెండవ సంబంధపు ప్రస్తావన! ఇట్టి యింటిలో, బిడ్డను గందునా మానుదునా యని నిర్భయముగ పలుకుట కామె కెంత ధైర్యము కావలెను?

ప్రభుత్వము ఏమియు చేయలేదని మే మనము. డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను నిచ్చుట మేలైన పని. మఱికొన్ని చిన్న పనులను కోరుచున్నాము. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. ఆ దినమున రక్తపోటు గల, మూత్రమున మాంసకృత్తులు పోవు ప్రతి స్త్రీకిని మొదటి మూడు నెలలలోనే క్రియాటినిన్ చూడుడు. ఇరువది వారములు దాటిన పిమ్మట తెలిసిన సత్యము ఆమె కేల? గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్యశాలలలో మూత్రపిండ వైద్యుడును, ప్రసూతి వైద్యురాలును వారమున కొక దిన మొక్క గదిలో గూర్చుండి ఇట్టి స్త్రీలను చూడవలెను. వారు చెప్పవలసినది తెలుగులో, ఆమెతో, ముందుగ ఆమె నొక్కతెను గూర్చుండబెట్టి చెప్పవలెను.

ఇద్దఱికి మించి సంతానమున్నవారు స్థానిక ఎన్నికలలో నిలువరాదను నిబంధనను మన శాసనసభ 2024 నవంబరులో తొలగించినది. నిన్న కనవలదనిరి. నేడు కనుడనుచున్నారు. స్త్రీ దేహము జనసంఖ్యకు లెక్కపుస్తకము కాదు. రోగమును మోయునది ఆమె. గర్భమును మోయునదియు నామెయే. వైద్యుడు నిజము చెప్పుగాక, కుటుంబము తోడు నిలుచుగాక, ప్రభుత్వము సాధనముల నొసంగుగాక. తీర్పుమాత్ర మామె నోటినుండి రావలెను.