సుబ్బారావు గారి ఫొటోకి దండ, జరానికి రెండు సల్ఫా గోలీలు

ప్రతి జనవరి 12కీ యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో వచ్చి వాలుతుంది. నోబెల్ రాని తెలుగువాడు, పదిమందికీ పంపండి అని. పంపేస్తాం, గర్వపడేస్తాం. ఇంతకీ ఆయనేం చేశాడయ్యా అంటే నీళ్ళు నమలడమే. లెడర్లీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. మా పెద్దవంగరలో ఆశా అక్క గర్భిణులకిచ్చే బిళ్ళల్లో ఐరన్‌తో పాటు ఉండేది అదే.

ఇక నా గోల. మా వైపు ఊళ్ళల్లో జరమొచ్చినా జలుబు చేసినా చీటీ అడక్కుండా రెండు సల్ఫా గోలీలు కత్తిరించి చేతిలో పెట్టేవాళ్ళున్నారు. ఆ గోలీ దెబ్బకొట్టేది కూడా ఈ ఫోలిక్ యాసిడ్ దారినే!

ఫోలేట్ మనకీ కావాలి, బ్యాక్టీరియాకీ కావాలి. మనం పాలకూరలోనో పప్పులోనో తింటాం. చాలా బ్యాక్టీరియాలు మాత్రం స్వయంపాకమే. అందులో పడే ఒక సరుకు పాబా. సల్ఫా చూడ్డానికి అచ్చం పాబాలాగే ఉంటుంది. వంటచేసే ఎంజైము దీన్ని పట్టుకు కూర్చుంటుంది, ఫోలేట్ తయారవదు, డీఎన్ఏకి ముక్కలు దొరకవు, పెరుగుదల ఆగిపోతుంది. (మా భాషలో, నకిలీ రిక్వెస్టులతో సర్వర్‌ని నింపేయడం.) మనకా ఎంజైమే లేదు కాబట్టి మన ఫోలేట్‌కి ఢోకా లేదు. ఈ పాబా కిటుకు 1940లో డొనాల్డ్ వుడ్స్ బయటపెట్టాడు.

ఆగిపోతుంది అన్నాను, చస్తుంది అన్లేదు. సల్ఫా ఒక్కటే అయితే పెరగనివ్వకుండా ఆపుతుందంతే, మిగతా పని మన ఒంటిది. మందు పల్చబడగానే మళ్ళీ మొదలు. మరి రెండు గోలీలు ఏ లెక్క? చీము పట్టిన పుండు మీద గోలీ నూరి చల్లేవాళ్ళకి ఇంకోటి: చచ్చిన కణాల నుంచి బ్యాక్టీరియాకి థైమిడిన్ లాంటి వండిన సరుకే దొరుకుతుంది, ఇక వంటిల్లు మూస్తే దానికేం?

జలుబుకీ డెంగీకీ కారణం వైరస్. దానికసలు వంటిల్లే లేదు. "తగ్గింది కదా సార్" అంటారు. మూడ్రోజుల్లో పోయే జరం మూడ్రోజుల్లో పోయింది, పేరు గోలీకొచ్చింది.

కూలి పోగొట్టుకుని తొర్రూరు దాకా పోలేనివాళ్ళని నేనేమీ అనను. షెడ్యూల్ హెచ్ మందుని చీటీ లేకుండా అమ్మేవాణ్ణి అంటాను. అమెరికా సూట్‌కేసులో ఆవకాయ పక్కన యాంటీబయాటిక్ స్ట్రిప్పులు సర్దే మా ఇంజినీర్లని ఇంకా ఎక్కువ అంటాను. సల్ఫాకి మోసపోని ఎంజైము తాలూకు జీన్లు, సల్1, సల్2, ప్లాస్మిడ్ల మీద ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పెన్‌డ్రైవులో ఫైలులా కాపీ అవుతుంటాయి. దండగ్గా వాడిన ప్రతి గోలీ ఆ కాపీ ఉన్నవాటినే మిగులుస్తుంది. ఒకప్పుడు మూత్రంలో మంటకి ధీమాగా రాసిన సల్ఫా-ట్రైమెథోప్రిమ్ జంటని ఇప్పుడు చాలామంది డాక్టర్లు కల్చర్ రిపోర్టు చూశాకే రాస్తున్నారు.