నాయన సైకిలుకు కొత్త రంగు

సైకిలు ఫ్రేము తుప్పు పట్టిందంటే పాత ఇనుముకు వేసేయడమే ఇప్పటి అలవాటు. అతుకుల దగ్గర బీట పడకుండా, గొట్టం గట్టిగా ఉంటే అంత తొందర అక్కర్లేదండీ. ఇంట్లోనే స్ప్రే డబ్బాతో రంగు కొట్టుకోవచ్చు.

జవళగిరిలో మా నాయన తొక్కింది హెర్క్యులిస్. 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్ వారు అంబత్తూరులో చేసిన బండి. బడికి పోవడానికి దాన్ని నీలం చేసిమ్మని మేనకోడలు అడిగింది. పై గొట్టం మీద నల్లరంగుపై పసుపు అక్షరాలతో నాయన పేరు తెలుగులో రాయించి ఉంది. "ఆ పేరు పోతే అది ఎవరి సైకిలురా?" అంది అమ్మ. పిల్లేమో, "అది పేరా మామా? ఏదో డిజైననుకున్నా" అంది! దాని చదువంతా తమిళంలోనే. బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చాక మన హోసూరు, కృష్ణగిరి ఇళ్లలో ఇది వింతేమీ కాదు.

ఇద్దరి మాటా నెగ్గాలి గదా. చక్రాలు, చైను, బాల్ రేసులు విప్పించి, సబ్బునీళ్లతో జిడ్డు కడిగి ఆరబెట్టాను. 120 నంబరు ఉప్పుకాగితంతో తుప్పు గీకి, 400తో నునుపు చేశాను. పేరు మీద కాగితం పరిచి, దాని అంచులకే టేపు వేశాను. జిగురు అక్షరాలకు తగిలితే పీకేటప్పుడు పాత రంగు లేచొస్తుంది. మరలున్న చోట గుడ్డ కుక్కాను.

మా ఊళ్లో పొద్దున మంచు ఎక్కువ. తేమలో కొడితే రంగు తెల్లగా మసకబారుతుంది. మంచు విడిచాక, గాలి లేవకముందు, ఫ్రేమును చెట్టుకొమ్మకు వేలాడదీసి ముందు ప్రైమరు, అది ఆరాక నీలం. డబ్బా బాగా ఊపి, జానెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా కొట్టాలి. దట్టంగా కొడితే కారుతుంది. పలచగా మూడు పూతలు మేలు. పొయ్యి, బీడీ దరిదాపుల్లో ఉండకూడదు. ముక్కుకు గుడ్డ కట్టినా థిన్నరు ఆవిరి ఆగదు, కాబట్టి గదిలో అసలే వద్దు.

మెరుపు కోసం పేరు మీద కూడా వార్నిషు స్ప్రే కొట్టమన్నారు పక్కింటాయన. నేను ఒప్పుకోలేదు. ఆ థిన్నరుకు పాత ఎనామిల్ ముడతలు పడొచ్చు.

టేపు తీయగానే "చదువు మామా" అంది పిల్ల. చదివాను. కింద తన పేరూ రాయమంది. నువ్వే రాసుకోమన్నాను. రంగు గట్టిపడటానికి వారమైనా ఆగాలి. ఈలోగా అమ్మ పలక తెప్పించి దానిచేత అక్షరాలు దిద్దిస్తోంది.